హెవీవెయిట్ సింహాసనం – 17: జరగని పోటీకి రెండు తీర్పులు

గత భాగంలో మహమ్మద్ అలీని హ్యూస్టన్ సైనిక కేంద్రం దగ్గర వదిలి వచ్చాం. 1967 ఏప్రిల్ 28న పేరు పెట్టి పిలిచినా అతను అడుగు ముందుకు వేయలేదు. వియత్నాం యుద్ధానికి వెళ్లేది లేదన్నాడు. ఆ రోజే న్యూయార్క్ బాక్సింగ్ కమిషన్ అతని లైసెన్సు ఆపేసి, టైటిల్ లాగేసుకుంది. జూన్ 20న కోర్టు ఐదేళ్ల జైలు, 10 వేల డాలర్ల జరిమానా విధించింది. అప్పీలు వేసి బయటైతే ఉన్నాడు గానీ, ఏ రాష్ట్రమూ అతన్ని రింగులోకి రానివ్వలేదు. అప్పటికి అతని వయసు 25 ఏళ్లు. 29 పోటీల్లో 29 గెలుపులు. బాక్సర్‌కి ఒంట్లో బలం, కాళ్లలో వేగం నిండుగా ఉండే వయసులో ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది.

రాజు లేని ఆ సింహాసనం చుట్టూ అమెరికాలో ఒక పాత వాదన కొత్తగా రాజుకుంది. చరిత్రలోని హెవీవెయిట్ ఛాంపియన్లందరినీ వాళ్ల మంచి వయసులో ఒక్కచోట చేర్చి కొట్లాడిస్తే చివరికి నిలిచేదెవరు? ఆ వాదన రేడియోకి ఎక్కి, కోర్టు మెట్లెక్కి, సినిమా తెరకెక్కిన కథే ఈ భాగం.

క్షౌరశాలల్లో పుట్టిన తగాదా

అమెరికన్ పట్టణాల్లో క్షౌరశాలలూ, బార్లూ, ఫ్యాక్టరీ గేట్లూ ఈ వాదనకి పుట్టిళ్లు. జాక్ డెంప్సీ కాలం చూసిన ముసలాయన జో లూయిస్‌ని ఒప్పుకోడు. లూయిస్ పోటీలు రేడియోలో విని పెరిగినవాడు రాకీ మార్సియానోని ఒప్పుకోడు. ఇద్దరూ కలిసి అలీని ఒప్పుకోరు. సి.కె. నాయుడు ఈ కాలంలో ఉండి టీ20 ఆడితే ఎన్ని సిక్సర్లు కొట్టేవాడో అని వాదించుకునే మనకి ఈ యావ కొత్తది కాదు.

బాక్సింగ్‌లో మాత్రం దీని పదును వేరు. పరుగుపందేనికి గడియారం ఉంది, ఎత్తు దూకడానికి కొలబద్ద ఉంది. బాక్సర్‌ని కొలవాలంటే ఎదురుగా ఇంకో బాక్సర్ నిలబడి తీరాలి. ఆ ఎదుటివాడు 40 ఏళ్ల ముందు పుట్టినా, 20 ఏళ్ల తర్వాత పుట్టినా ఆ కొలత ఎప్పటికీ దొరకదు. దొరకదు కాబట్టే ఎవరి నమ్మకం వాళ్లకి నిజంలా కనిపిస్తుంది.

ఈ వాదనలకి పెద్దతీర్పరిగా చాలాకాలం వెలిగినవాడు నాట్ ఫ్లైషర్. 1922లో ‘ది రింగ్’ పత్రికని స్థాపించిన సంపాదకుడు. బాక్సింగ్ లోకంలో ఆయన మాటకి శాసనమంత విలువ ఉండేది. ఆయన తయారుచేసిన సార్వకాలిక హెవీవెయిట్ జాబితాలో మొదటి పేరు జాక్ జాన్సన్, రెండోది జిమ్ జెఫ్రీస్, మూడోది బాబ్ ఫిట్జ్‌సిమన్స్. అంటే ముగ్గురూ 19వ శతాబ్దం చివరా, 20వ శతాబ్దం తొలినాళ్లలోనూ ఛాంపియన్లుగా వెలిగినవాళ్లు. ఒక్క ఓటమి కూడా లేని రాకీ మార్సియానోకి దక్కింది పదో స్థానం. తర్వాత అలీ వచ్చినా ఆ పదిమందిలో అతనికి చోటు దొరకలేదు. ఫ్లైషర్‌ది కుర్రతనంలో చూసినవాళ్లని ఎప్పటికీ దించని మనసు. మన అందరి మనసూ అంతే.

మయామి రేడియో మనిషి

మయామిలో ముర్రే వొరోనర్ అనే రేడియో నిర్మాత ఉండేవాడు. మనుషులు తేల్చలేని ఈ తగాదాని యంత్రానికి అప్పగిస్తే ఎలా ఉంటుందని ఆయనకి తోచింది. అప్పట్లో కంప్యూటర్ అంటే మామూలు జనం కంటితో చూసిన వస్తువు కాదు. బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో ఒక పెద్ద గది నిండా ఉండే యంత్రం. అది తప్పు చెప్పదనీ, దానికి పక్షపాతం ఉండదనీ జనానికి గట్టి నమ్మకం. వొరోనర్ పెట్టుబడి ఆ నమ్మకమే.

ఆయన వాడింది నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ తయారుచేసిన ఎన్‌సీఆర్ 315. మొదట సుమారు 250 మంది బాక్సింగ్ రచయితలకీ, నిపుణులకీ ప్రశ్నావళి పంపారు. ఫలానా బాక్సర్ వేగమెంత, దెబ్బలో బరువెంత, దెబ్బ తిన్నాక తట్టుకునే శక్తి ఎంత, చర్మం తేలిగ్గా చిట్లుతుందా, ధైర్యమెంత, ప్రత్యర్థి తూలినప్పుడు ముగించే కసి ఎంత... ఇలా ఒక్కో గుణానికీ మార్కులు వేయించారు. ఆ బాక్సర్ మంచి వయసులో ఆడిన పోటీల వివరాలు దానికి జోడించారు. అదంతా యంత్రంలోకి ఎక్కిస్తే, ఏ రౌండ్లో ఎవరు ఏ దెబ్బ కొట్టారో వరసగా అచ్చయి బయటికి వచ్చేది. ఆ కాగితం ఆధారంగా, కళ్లెదుట పోటీ జరుగుతున్నంత ఉద్వేగంతో రేడియోలో వ్యాఖ్యానం చెప్పేవారు. వెనక నుంచి జనం కేకలు, గంట మోతలు వినిపించేవారు.

1967 శరదృతువులో 16 మంది ఛాంపియన్లతో ఈ ఊహాపోటీలు వారం వారం వందలాది రేడియో స్టేషన్లలో ప్రసారమయ్యాయి. ఎప్పుడో చనిపోయిన జాన్ ఎల్. సలివన్ మళ్లీ బరిలోకి దిగాడు. రెస్టారెంటు నడుపుకుంటున్న డెంప్సీ మళ్లీ కుర్రాడై విజృంభించాడు. డిసెంబరులో జరిగిన ఫైనల్లో మార్సియానో 13వ రౌండ్లో డెంప్సీని నాకౌట్ చేశాడని యంత్రం తేల్చింది. మార్సియానోకి బంగారు బెల్టు బహుకరించారు.

మరి అలీ? క్వార్టర్ ఫైనల్లోనే ఓడిపోయాడన్నారు. అదీ జిమ్ జెఫ్రీస్ చేతిలో.

ఆ పేరే ఎందుకు మండించింది?

జెఫ్రీస్ ఎవరో పాఠకులకి గుర్తుండే ఉంటుంది. టైటిల్ చేతిలో ఉన్నంతకాలం నల్లజాతి బాక్సర్లతో తలపడనన్న ఛాంపియన్. 1905లో ఓటమి ఎరగకుండా విరమించి పొలం చూసుకుంటున్నవాణ్ని, నల్లజాతి ఛాంపియన్ జాక్ జాన్సన్‌ని ఓడించడానికి తెల్లజాతి పత్రికలు బతిమాలి బయటికి లాక్కొచ్చాయి. 1910 జూలై 4న రీనోలో, పెరిగిన ఒళ్లంతా కరిగించుకుని వచ్చిన ఆ మాజీ ఛాంపియన్ 15వ రౌండ్లో కుప్పకూలాడు. ఆ వార్త తంతి ద్వారా ఊళ్లకి చేరాక తెల్లజాతి మూకలు అనేక పట్టణాల్లో నల్లవాళ్ల మీద పడి దాడులు చేశాయి. ప్రాణాలు పోయాయి. బాక్సింగ్‌లో ‘ఫలానావాడు ఇప్పుడు దిగితే’ అన్న ఊహని నిజం చేయబోతే ఏమవుతుందో అమెరికా చూసిన రోజది.

అలీకి జాన్సన్ అంటే ప్రత్యేకమైన అభిమానం. 1968లో జాన్సన్ జీవితం ఆధారంగా ‘ది గ్రేట్ వైట్ హోప్’ నాటకం బ్రాడ్‌వేకి వచ్చినప్పుడు వెళ్లి చూసి, అది తన కథే అనుకున్నాడు. ప్రభుత్వం వెంటాడి బతుకుతెరువు తీసేసిన నల్లజాతి ఛాంపియన్ కథ కదా. అలాంటివాడు జాన్సన్ చేతిలో చిత్తయిన జెఫ్రీస్‌కి ఓడిపోయాడని దేశమంతా రేడియోలో చాటారు. టైటిల్ పోయింది, లైసెన్సు పోయింది, ఇక మిగిలింది పేరు ఒక్కటే. అలీ ఊరుకోలేదు. తన ప్రతిష్ఠకి భంగం కలిగించారంటూ వొరోనర్ మీద 10 లక్షల డాలర్లకి దావా వేశాడు.

రింగులో జవాబు చెప్పే దారి అతనికి అప్పుడు లేదు. ఆ దావాని అహంకారమని కొట్టిపారేయకుండా ఆ పరిస్థితిలో పెట్టి చూడాలి.

వొరోనర్ వ్యాపారి. దావాలోంచి ఇంకో కార్యక్రమం పుట్టించాడు. రేడియో విజేత మార్సియానో, ఓటమి లేని అలీ, ఇద్దరినీ నిజంగానే రింగులో నిలబెట్టి సినిమా తీద్దాం, ఫలితం కంప్యూటర్ చెబుతుంది అన్నాడు. 10 వేల డాలర్లు, చిత్రం లాభాల్లో వాటా మీద రాజీ కుదిరింది. కళాశాలల్లో ఉపన్యాసాలిస్తూ లాయర్ల ఖర్చులు నెట్టుకొస్తున్న అలీకి ఆ డబ్బు అవసరమే.

చెప్పుల ఊరి కుర్రాడు

ఎదుటివాడి సంగతి కూడా చూద్దాం. రాకీ మార్సియానో 1923 సెప్టెంబరు 1న మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌లో పుట్టాడు. బూట్ల తయారీకి పేరుపొందిన ఊరది. ఇటలీ నుంచి వలస వచ్చిన తండ్రి బూట్ల ఫ్యాక్టరీలో కూలి. ఆ ఫ్యాక్టరీ బతుకు తనకి వద్దనుకున్న కొడుకు మొదట బేస్‌బాల్ వైపు వెళ్లాడు. చికాగో కబ్స్ జట్టు ఎంపికకి వెళ్తే బంతి విసిరే బలం చాలదని వెనక్కి పంపేశారు. అప్పుడు బాక్సింగ్ పట్టుకున్నాడు.

హెవీవెయిట్‌కి కావలసిన ఎత్తు లేదు, చేతులు పొట్టి. ఆ లోటునే ఆయుధంగా మలిచినవాడు శిక్షకుడు చార్లీ గోల్డ్‌మన్. ఇంకా వంగు, ఇంకా కిందికి దిగు అని నేర్పాడు. అలా వంగి దూసుకొచ్చేవాణ్ని కొట్టాలంటే ఎదుటివాడు కిందికి గురిచూడాలి, ఆ క్షణంలో కింది నుంచి పైకి లేచే కుడిచెయ్యి అతని దవడ వెతుక్కునేది.

1952 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో జెర్సీ జో వాల్కాట్‌తో టైటిల్ పోటీ. మొదటి రౌండ్లోనే మార్సియానో జీవితంలో తొలిసారి నేల కరిచాడు. లేచి నిలబడ్డాడు గానీ, 12 రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతల కాగితాల్లోనూ వెనకబడే ఉన్నాడు. 13వ రౌండ్ మొదలై నిమిషం కూడా కాలేదు. వాల్కాట్ తాళ్ల వైపు జరిగాడు. మార్సియానో కుడిచెయ్యి అడుగు దూరం కూడా ప్రయాణించి ఉండదు, అంత దగ్గర నుంచి దవడ మీద దిగింది. వాల్కాట్ ఎడమచెయ్యి తాడు మీద వేలాడుతుండగా మోకాళ్ల మీద కూలిపోయి, తల నేలకి ఆనించి ఉండిపోయాడు. ఆ ఫొటో ఈనాటికీ బాక్సింగ్ పుస్తకాల్లో కనిపిస్తుంది.

1956 ఏప్రిల్‌లో రిటైరయ్యేసరికి మార్సియానో లెక్క 49 పోటీలు, 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు. మళ్లీ దిగమని ఎంతో డబ్బు చూపినా దిగలేదు.

పరదాలు మూసిన స్టూడియోలో

1969 వేసవిలో మయామిలోని ఒక స్టూడియోలో చిత్రీకరణ జరిగింది. మార్సియానోకి 45 ఏళ్లు, రింగు వదిలి 13 ఏళ్లు దాటింది. ఈ సినిమా కోసం సుమారు 50 పౌండ్ల బరువు తగ్గించుకుని, పలచబడ్డ జుట్టు మీద విగ్గు పెట్టుకుని వచ్చాడు. అలీకి 27 ఏళ్లు. పోటీలు లేక అతనికీ కొంచెం ఒళ్లు వచ్చింది. అలీ శిక్షకుడు ఏంజెలో డండీ అతని మూలనే నిలబడ్డాడు. ఏంజెలో అన్న క్రిస్ డండీ రిఫరీ.

మొత్తం 70కి పైగా రౌండ్లు తీశారు, ఒక్కోటీ ఒక్కో నిమిషం. తల మీది దెబ్బలు ఆపి ఆపి కొట్టుకోవాలి, ఒంటి మీద కొంచెం గట్టిగా తగిలినా ఫర్వాలేదు. గాయాలు చూపించడానికి రంగు రక్తం పూశారు. అలీ ముందుచేత్తో సూటిగా విసిరిన ఒక జాబ్‌కి మార్సియానో విగ్గు ఎగిరిపోయి చిత్రీకరణ ఆగింది. ఒకరిని ఒకరు నాకౌట్ చేసినట్టు, గాయాల వల్ల పోటీ ఆపేసినట్టు, ఇలా రకరకాల ముగింపులు తీశారు. అసలు ముగింపు ఏదో ఇద్దరికీ చెప్పలేదు.

అప్పటి అమెరికాకి వీళ్లిద్దరూ ఎదురెదురు జెండాలు. ఒకరు యుద్ధానికి పోనన్న నల్లజాతి ముస్లిం యువకుడు, ఇంకొకరు పాత అమెరికా గర్వంగా చెప్పుకునే వలస కూలీ కొడుకు. ఊళ్లో జనం వీళ్ల పేర్లు పట్టుకుని తిట్టుకుంటున్నారు. ఆ స్టూడియోలో మాత్రం ఇద్దరూ రోజంతా చెమటోడ్చి, విరామంలో పక్కపక్కన కూర్చుని, స్నేహితులై విడిపోయారు. తనకి తెలిసిన కష్టమే ఎదుటివాడికీ తెలుసని ఇద్దరికీ అర్థమైంది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే విలువైన సంగతి అదే.

ఆ సినిమా విడుదల చూడటానికి మార్సియానో బతికి లేడు. 1969 ఆగస్టు 31 రాత్రి, 46వ పుట్టినరోజుకి ఒక్కరోజు ముందు, అయోవాలోని న్యూటన్ దగ్గర అతను ప్రయాణిస్తున్న చిన్న సెస్నా విమానం కూలిపోయింది. విమానంలోని ముగ్గురూ చనిపోయారు.

అట్లాంటిక్‌కి అటొకటి, ఇటొకటి

1970 జనవరి 20న ‘ది సూపర్ ఫైట్’ ఒకే ఒక్క రాత్రి, సుమారు 1,500 థియేటర్లలో ప్రదర్శించారు. అమెరికా ప్రేక్షకులు చూసిన ముగింపులో ముఖమంతా నెత్తురోడుతున్న మార్సియానో 13వ రౌండ్లో అలీని నాకౌట్ చేశాడు. వాల్కాట్ పడింది 13వ రౌండ్లో. రేడియోలో డెంప్సీ పడింది 13వ రౌండ్లో. అలీ పడిందీ 13లోనే. జనం మనసులో ముద్రపడిన కథనే యంత్రం తిరగరాసిందని అనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ కంప్యూటర్ అలబామాలో తయారై ఉంటుందని అలీ అన్నట్టు చెబుతారు. నల్లవాళ్ల హక్కుల ఊరేగింపుల మీదికి పోలీసు కుక్కల్ని వదిలిన రాష్ట్రం అలబామా. ఆ మాటలో ఎంత బాధ ఉందో చెప్పనక్కర్లేదు.

యూరప్‌లో చూపిన సినిమాలో గెలిచింది అలీ. గాయాల వల్ల మార్సియానో ఆడలేడని పోటీ ఆపేశారు.

ఒకే యంత్రం, అవే లెక్కలు, రెండు ఖండాలకి రెండు తీర్పులు. యంత్రానికి పక్షపాతం లేదన్న నమ్మకం అక్కడే కూలింది. 250 మంది అభిప్రాయాలు మింగిన యంత్రం 250 మంది అభిప్రాయాలే కక్కుతుంది. చివరి మాట మాత్రం టిక్కెట్లు అమ్మేవాడిది.

మరి గెలిచేదెవరు?

ఇంత చెప్పి తీర్పు చెప్పకుండా తప్పుకోవడం మర్యాద కాదు. 1952 నాటి మార్సియానో బరువు 184 పౌండ్లు. 1967 నాటి అలీ బరువు 211 పౌండ్ల పైన. అలీ అతనికంటే నాలుగంగుళాలు పొడుగు, చేతుల నిడివిలో సుమారు 10 అంగుళాలు ఎక్కువ. ఇప్పటి నిబంధనల్లో 200 పౌండ్ల లోపువాళ్లు క్రూయిజర్‌వెయిట్ కిందికి వస్తారు. అంటే ఈనాటి తూకంలో మార్సియానో హెవీవెయిటే కాడు. మార్సియానో చర్మం తేలిగ్గా చిట్లేది. 1954 సెప్టెంబరులో ఎజార్డ్ చార్లెస్‌తో పోటీలో ముక్కు రెండుగా చీలిపోయింది, ఎనిమిదో రౌండ్లో నాకౌట్ చేసి గట్టెక్కాడు. అలీ జాబ్ కత్తిలా కోస్తుంది.

అటువైపు వాదనా బలమైనదే. ఎడమ హుక్కుకి అలీ దొరుకుతాడని హెన్రీ కూపర్ 1963లో లండన్‌లో నేలమీద కూర్చోబెట్టి చూపించాడు. మార్సియానో ఎడమచెయ్యి కూపర్‌కి తీసిపోదు.

ఇద్దరితోనూ తలపడ్డవాడు ఒకడున్నాడు, ఆర్చీ మూర్. 1955లో మార్సియానోని రెండో రౌండ్లో కింద పడేసి, తొమ్మిదో రౌండ్లో తానే ఓడిపోయాడు. 1962లో అలీ చేతిలో నాలుగో రౌండ్లోనే పడిపోయాడు. అప్పటికి మూర్ బాగా ముసలివాడు కాబట్టి ఆ లెక్క కూడా ఎటూ తేల్చదు. 1966 నవంబరులో క్లీవ్‌ల్యాండ్ విలియమ్స్‌ని మూడు రౌండ్లలో కూల్చిన రోజు అలీ ఎలా ఆడాడో ఒక్కసారి చూడండి. ఆ కాళ్లని పొట్టి చేతులతో 15 రౌండ్లు వెంటాడటం మార్సియానోకి కష్టం. గెలుపు అలీదే అంటాను, గాయాల వల్లనో పాయింట్ల మీదనో. 13వ రౌండు గురించి మాత్రం ఎవరూ పందెం కాయకూడదు.

నాతో ఒప్పుకోని పాఠకులు ఉంటారు, ఉండాలి కూడా. ఈ వాదన పుణ్యమా అని పాత పోటీలు మళ్లీ చూస్తాం, మరుగునపడ్డ పేర్లు తలుచుకుంటాం. ఒక మనిషిని తక్కువ చేయడానికి ఇంకొకరిని ఆయుధంగా వాడినప్పుడే అది చెడుతుంది. రీనోలో జరిగిందదే. అలీకి జెఫ్రీస్ చేతిలో ఓటమి అంటగట్టినప్పుడు జరిగిందీ దాదాపు అదే.

ఊహల్లో ఓడిపోయిన అలీకి అదే ఏడాది నిజమైన రింగు దొరికింది. 1970 అక్టోబరు 26న అట్లాంటాలో జెర్రీ క్వారీ ఎదుట అతను మళ్లీ గ్లవ్స్ తొడిగాడు. 1971 మార్చి 8న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, ఓటమి ఎరగని జో ఫ్రేజియర్ అతని కోసం కాచుకుని ఉన్నాడు. ఓటమి ఎరగని ఇద్దరు ఒకే కాలంలో, ఒకే రింగులో తలపడ్డ ఆ రాత్రి కథ వచ్చే భాగంలో.